పిడి తట్టని రోజు

నేను ఒక గీత కత్తిని. తాటిచెట్టెక్కి కల్లు గీసే కత్తిని. కోర్టులో మాత్రం నన్ను ఎం.ఓ. ఒకటి అంటారు. కేసులో పట్టుకున్న మొదటి వస్తువు అని అర్థమట. నా పిడికి దారంతో అట్టముక్క కట్టి, లక్క ముద్ర వేశారు. పుట్టినప్పుడు నాకింత మర్యాద జరగలేదు.

పాత లారీ కమాను పట్టీని కమ్మరి వీరాచారి కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. మొదట ఒక ముసలి గీత కార్మికుడి చేతికి వెళ్లాను. ఆయన మోకాళ్లు పట్టేశాక కొడుకు ఉప్పలయ్య చేతికి వచ్చాను.

ఉప్పలయ్య మాట తక్కువ మనిషి. రోజూ పొద్దున్నే చెక్క మీద పలుగురాతి పొడి చల్లి నన్ను నూరేవాడు. నడుముకు ముస్తాదు పట్టీ కట్టుకుని చెట్టెక్కేవాడు. కత్తులు పెట్టుకునే అర దానికే ఉంటుంది. గెల గీశాక వెనక్కి చూడకుండానే నన్ను అరలోకి దించి, అరచేత్తో పిడి మీద రెండుసార్లు తట్టేవాడు. తండ్రి నేర్పిన అలవాటు. మొదటిసారికి నేను దిగేదాన్ని, రెండోసారికి బిగిసేదాన్ని. ఎంత ఎత్తులో ఉన్నా కింద మనుషులు తిరుగుతుంటారు కదా.

ఆ ఏడు చెట్లను చీటీలు వేసి పంచుకున్నారు. కాలువ గట్టు మీది చెట్టు ఉప్పలయ్యకు వచ్చింది. ఎనిమిదేళ్లుగా దాన్ని గీసినవాడు సోమనర్సు, ఉప్పలయ్య భార్య రాజవ్వకు సొంత తమ్ముడు. చీటీల్లో మోసం జరిగిందని సోమనర్సు కల్లు అమ్మే మండువ కాడ పదిమందిలో అరిచాడు. ఉప్పలయ్య చాలాసేపు విన్నాడు. లేచిపోతూ ఒక్క మాటన్నాడు.

"మల్ల నా చెట్టు కింద కనవడితే నీ తల పలుగుతది."

ఏడాదికి నాలుగు మాటలాడే మనిషి. అందులో ఒకటి ఇదీ.

రెండు రోజులకు పొద్దున ఉప్పలయ్య ఆ చెట్టు మీదున్నాడు. నేను అతని చేతిలో ఉన్నాను. కింద సోమనర్సు గొంతు వినబడింది.

"ఏం బావా, నా చెట్టు కల్లు తియ్యగున్నదా? నా కల్లు లొట్టి ఈడ్నే ఉండిపోయింది, తీస్కపోత. దానికి గూడ చీటీ ఎయ్యాల్నా?"

 ఉప్పలయ్య వేళ్లు నా పిడి మీద బిగిశాయి. గెల గీసే పట్టు వేరు, ఇది వేరు. అన్నేళ్లలో ఆ పట్టు నేనెరగను. ఒక్క ఊపిరి అలా ఉంది. తర్వాత చేయి వదులైంది. వెనక్కి పెట్టి నన్ను అరలోకి దించాడు. కళ్లు మాత్రం కిందనే ఉన్నాయి. పిడి తట్టలేదు. దిగడానికి నడుము తిప్పాడు. నేను జారాను.

సోమనర్సు లొట్టి కోసం వంగి ఉన్నాడు. అతని కుడి భుజం వెనక దిగాను.

ప్రాణం మిగిలింది. కుడి చేయి మళ్లీ భుజం పైకి లేవలేదు. చెట్టెక్కే మనిషికి అంతకంటే పోయేదేముంది?

పోలీసులు పంచనామాలో నన్ను 'మారణాయుధం' అని రాశారు. అన్నేళ్లు పనిముట్టుగా బతికి, ఒక్క పేరాతో అలా అయిపోయాను. ఉప్పలయ్యను ముద్దాయి అన్నారు, జైలుకు పంపారు. హత్యాయత్నం కేసు. రుజువైతే యావజ్జీవం దాకా పడవచ్చు.

విచారణ మొదలయ్యే రోజు నేనున్న బల్ల పక్కనే రాజవ్వ తన మొగుడి వకీలును పట్టుకుంది. ఒక కన్ను మొగుడి మీద, ఒక కన్ను తమ్ముడి మీద.

"కత్తి వడ్డది నిజమే. మా తమ్మునికి చెయ్యి వోయింది నిజమే. ఇంకేమున్నది సారూ తేల్చనీకి?"

"అది సగమే అవ్వా" అన్నాడు వకీలు. "చేతితోటి జరిగింది సగం, మనసుల ఉన్నది సగం. సంపాలన్న ఉద్దేశం, ఆ పని, రెండూ ఒక్క గడియల కలిస్తెనే ఈ నేరం. ఉద్దేశం ఉన్నదని రుజువు చేసే బరువు వాళ్లదే. గట్టి అనుమానం మిగిలితే ఆ లాభం మనకే."

"మనసుల ఏమున్నదో ఎవలకు తెలుస్తది?"

"అందుకే అడిగితే ఏం తెల్వదనుమని మీ ఆయనకు చెప్పిన. నోరు తెరవకుంటే బయటవడుతడు. ఎట్లనూ తెరవడు గద!"

ప్రభుత్వ వకీలు ముందు నన్నే పైకెత్తి చూపాడు. మండువ దగ్గర బెదిరింపు ఉంది, అది కారణం. ఆ పొద్దున కత్తి నూరాడు, అది సన్నాహం. నూరడం గురించి కమ్మరి వీరాచారిని అడిగారు.

"నూరకుంటే గెల చిరుగుతది, కల్లు రాదు సారూ. గది నేరమైతే మా ఊరి గౌండ్లోళ్లనందర్ని లోపలెయ్యాలె" అన్నాడు. జనం నవ్వారు. ఉప్పలయ్య నవ్వలేదు.

సోమనర్సు బోనెక్కాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని నిలబడ్డాడు.

"ఇసిరిండు. నా కండ్లతోటి చూసిన."

"పైకి చూస్తున్నవా?" అని అడిగాడు ఉప్పలయ్య వకీలు.

"చూస్తున్న."

"మరి దెబ్బ భుజం ఎనక ఎట్ల తగిలింది? పైకి చూసేటోనికి ముందర తగలాలె గద. డాక్టరు రాసింది అబద్ధమా?"

సోమనర్సు అక్క వైపు చూశాడు. "లొట్టి కోసం వంగిన" అన్నాడు మెల్లగా. "చూడలే. ఇసిరిండనే అనుకున్న."

వకీలు తేలిగ్గా కూర్చున్నాడు. ఇక ముద్దాయి ఏం తెలియదంటే చాలు.

జడ్జమ్మ తొందరపడే మనిషి కాదు. ఉప్పలయ్యను పిలిచి, కత్తి ఎలా పెట్టుకుంటావో చూపమంది. ముస్తాదు కట్టుకున్నాడు. నన్ను అందించారు. ఎనిమిది నెలల తర్వాత ఆ చేయి నన్ను ముట్టింది. అరలోకి దించాడు. అరచేయి దానంతట అది వచ్చి పిడి మీద రెండుసార్లు తట్టింది.

"అలా ఎందుకు తట్టావు?" అంది జడ్జమ్మ.

"బిగుస్తది. జారదు."

"రోజూ తడతావా?"

"తడ్త."

"అయితే ఆ రోజు ఎలా జారింది?"

 వకీలు కళ్లతోనే వద్దంటున్నాడు. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ నడుము మీదే ఉన్నాను. 

"ఆ రోజు తట్టలే అమ్మా."

"ఎందుకని?"

"ఏసెయ్యాలె అనుకున్న. వాని మీద. కత్తి గట్టిగ పట్టుకున్న." ఒకసారి సోమనర్సు వైపు చూశాడు. "మల్ల రాజవ్వ తమ్ముడు గదా అని వద్దనుకున్న. అరల వెట్టిన. మనసు మనసుల లేకుండె. తట్టుడు మరిచిన."

వకీలు తల పట్టుకున్నాడు. ప్రభుత్వ వకీలు లేచి, ముద్దాయే ఒప్పుకున్నాడన్నాడు. జడ్జమ్మ చేత్తోనే కూర్చోమంది. ముద్దాయి చెప్పింది ఒక్క ముక్క తప్పకుండా రాయమని గుమస్తాకు చెప్పింది. తీర్పు పది రోజులకు వాయిదా వేసింది.

ఆ పది రోజులు నేను బీరువాలో ఉన్నాను. నేను సాక్షిని, కానీ నాతో ఎవరూ ప్రమాణం చేయించరు. బిగిసిన వేళ్లు, వదులైన వేళ్లు నాకు తప్ప ఎవరికి తెలుసు?

తీర్పు రోజు జడ్జమ్మ కాగితం చూడకుండా కొన్ని మాటలు చెప్పింది. చంపాలని అనుకోవడం ఒక్కటే నేరం కాదు. ముద్దాయి ఆ ఆలోచన వదులుకున్న తర్వాతే కత్తి పడింది. ఆలోచన ఉన్నప్పుడు పని లేదు, పని జరిగినప్పుడు ఆలోచన లేదు. హత్యాయత్నం రుజువు కాలేదు. అయితే కింద మనిషి ఉన్నాడని తెలిసీ కత్తి బిగించకపోవడం నిర్లక్ష్యం. దానివల్ల ఒక చేయి పోయింది. అందుకు ఎనిమిది నెలలు. అవి గడిచిపోయాయి.

కాగితాల మీద సంతకాల కోసం ఉప్పలయ్య, సోమనర్సు ఇద్దరూ వరండాలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. నన్ను గుడ్డలో చుట్టి పట్టుకున్న కానిస్టేబుల్ వాళ్ల మధ్యనే కూర్చున్నాడు.

"బావా" అన్నాడు సోమనర్సు. "నిజంగనే అనుకున్నవా?"

"అనుకున్న."

సోమనర్సు ఎడమ చేత్తో తన కుడి చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"నేను గూడ అనుకున్న. నువ్వు ఎక్కుతుంటే, మోకు తెగితే మంచిగుండు అని."

 గుమస్తా పిలిస్తే ఉప్పలయ్య లేచాడు. సోమనర్సు చంకలో చేయి వేసి అతన్నీ లేపాడు. సోమనర్సు ఆ చేతిని తోసేయలేదు.

అప్పీలు గడువు దాటాక నన్ను నాశనం చేయమని ఆర్డరు. అంతదాకా వస్తువుల గదిలో ఉండాలి. ఇక్కడ గొడ్డళ్లున్నాయి, రోకలిబండలున్నాయి. అట్టముక్కల మీద కేసు నంబరు, తేదీ ఉంటాయి. ఎవరి వేళ్లు ఎప్పుడు వదులయ్యాయో రాయడానికి వాటి మీద జాగా లేదు.

కానిస్టేబుల్ నన్ను పై అరలో రెండు గొడ్డళ్ల మధ్య దూర్చాడు. కింద గుమస్తా వంగి రిజిస్టరు రాస్తున్నాడు. కానిస్టేబుల్ ఒకసారి ఆయన మెడ వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

అరచేత్తో నా పిడి మీద రెండుసార్లు తట్టాడు.