చేతికందే స్విచ్

“ఇక చాల్లే, కళ్ళు పాడవుతాయి” అంటారు మా ఆయన. అనడం కూడా కాదు. తన ఆఫీసులో కూర్చుని ఫోన్లో వేలు కదుపుతారు, ఇక్కడ నా నెత్తిమీద లైటు ఆరిపోతుంది. సరిగ్గా నాలుగింటికి. నాలుగు దాటితే నేను ఇంటిదాన్నట. ఒకప్పుడు పాత సామాన్లు పడేసుకున్న గది నాది, కిటికీ లేదు. లైటు పోతే పట్టపగలే నా చెయ్యి నాకు కనపడదు. కాగితాలు హాల్లోకి తెచ్చుకుంటే “ఇల్లంతా ఆఫీసేనా?” అంటారు.

ఆ లైటు ఆయనే ఎంచి తెచ్చారు, నేను ఇంటి నుంచి పని మొదలుపెట్టిన వారానికి. “మేడమ్‌గారి ఆఫీసుకి మామూలు బల్బు ఏం బాగుంటుంది” అని నవ్వుతూ బిగించారు. ఎంత మురిసిపోయానో. గోడ మీది స్విచ్‌కి టేపు అంటించి, ముట్టుకుంటే సెట్టింగులన్నీ పోతాయన్నారు. ఒక్కసారి ముట్టుకున్నాను. నిమిషంలో ఫోను. “ఏం చేస్తున్నావక్కడ?” గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు “అర్థమైందిగా” అన్నారు. అర్థమైంది. అప్పటి నుంచి మూడున్నర అయిందంటే చాలు, అరచేతులకు చెమటలు పడతాయి, చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతుంటాను. అత్తగారు మాత్రం పక్కింటావిడతో, “మావాడికి పెళ్ళామంటే ఎంత ప్రాణమో, ఆఫీసులో ఉన్నా దాని కళ్ళ గురించే బెంగ” అని చెప్పుకుంటారు. ఏమనగలను? అది ప్రేమ కాదని చూపించడానికి నా ఒంటి మీద ఒక్క దెబ్బ గుర్తు కూడా లేదు.

మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉంచే కాగితాలు అచ్చుకు వెళ్ళేముందు తప్పులు దిద్దడం నా పని. చీమ తలకాయంత అక్షరాలు, వాటి మధ్య చుక్కలు. పోయిన వారం లైటు ఆరిపోయాక చివరి పేజీ ఫోను టార్చి వెలుగులో చూసి పంపేశాను. మర్నాడు మా పై మేడమ్ ఫోను చేసింది. సున్నాకీ ఐదుకీ మధ్య చుక్క ఎగిరిపోయింది. పసిబిడ్డకు అర మిల్లీలీటరు పట్టాల్సిన మందు ఐదైంది. “ప్రెస్సులో ఎవరో చూశారు కాబట్టి బతికిపోయాం. ఇంకోసారైతే నేను కాపాడలేను” అంది. మా ఆయన లైటు ఆర్పేశారండీ అని ఏ నోటితో చెప్పను? సారీ మేడమ్ అన్నాను. ఆ రోజు నుంచి ఏం తింటున్నా, ఏం తోముతున్నా ఆ ఐదే కళ్ళముందు కనపడుతోంది. ఉద్యోగం పోతే పోయింది, ఏ తల్లో నేను వదిలేసిన అంకెను నమ్మి పిల్లకు మందు పడుతుంటే?

అందుకే ఇవాళ అత్తగారి మాత్రల కోసమని బయలుదేరి, మందుల కొట్టు పక్కనే ఉన్న లైట్ల కొట్లో కూడా దూరాను. దొంగతనానికి వచ్చినదాన్లా అటూ ఇటూ చూసుకున్నాను.

“ఫోనుతో వెలిగేవి కొత్తగా వచ్చాయమ్మా, చూపించనా?” అంది కొట్టు ఆవిడ.

“వద్దండీ.” ఎంత గట్టిగా అన్నానో, ఆవిడ చేతిలోని డబ్బా కింద పెట్టేసింది. “చేత్తో నొక్కేది కావాలి. చదువుకోవడానికి.”

ఆవిడ నా మొహంలోకి చూసింది, ఎందుకని అడగలేదు. బల్ల మీద ఒక్కో దీపం పెట్టి, నేను వెంట తెచ్చుకున్న మందు కాగితాన్ని దాని కింద పరిచింది. పచ్చటి వెలుగులో అక్షరాలు అలికేసినట్టున్నాయి. మరీ తెల్లటిదాని కింద కాగితం కళ్ళలోకి కొట్టింది. మూడోది రెంటికీ మధ్య రకం, చుక్కలన్నీ విడివిడిగా కనిపించాయి.

“ఏ చేత్తో రాస్తారు?”

“కుడిచేత్తో.”

“అయితే దీపం ఎడమపక్కన పెట్టుకోండి. చెయ్యి నీడ అక్షరాల మీద పడదు.”

నా పని ఎలా చేసుకుంటానో ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. అక్కడే ఏడుపొచ్చేసింది. దీపాన్ని సంచీలో మాత్రల కింద దాచి తెచ్చాను.

నాలుగింటికి లైటు ఆరింది. తడుముకుంటూ దీపం స్విచ్ నొక్కాను. కాగితం మీద, నా చేతి మీద వెలుగు పడింది. లైటు ఆర్పాక పని ఆపానో లేదోనని ఆయన రోజూ ఫోను చేస్తారు, ఇవాళా నా ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగి ఆగింది. తర్వాత హాల్లో అత్తగారి ఫోను మోగింది.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఆవిడ తలుపు తీశారు. దీపం వంక చూశారు, టేపు అంటించిన స్విచ్ వంక చూశారు, తర్వాత నా వంక.

“చూశావా అమ్మా? చీకటిగానే ఉందా?” ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది.

“ఆ, చీకటేరా. కాసేపు నడుం వాల్చింది పాపం” అన్నారావిడ.

ఆవిడ గదిలో లైటు కూడా ఆయన తెచ్చిందే, ఆయన ఫోనుతో ఆరేదేనని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

గండం గడిచింది, ఈ పూటకి. రేపు మళ్ళీ మూడున్నర, మళ్ళీ చెమటలు, దీపం దాచడానికి చోటు, నాకోసం ఆ పెద్దావిడ ఇంకో అబద్ధం. భయం ఎక్కడికీ పోలేదు. అయినా చెయ్యి చాపాను. అత్తగారు కాస్త తటపటాయించి ఫోను ఇచ్చారు.

“నేనండీ. గదిలో చీకటి లేదు, దీపం కొనుక్కున్నాను. ఇంకా నాలుగు పేజీలున్నాయి, అయ్యాక నేనే ఆర్పుకుంటాను.”