మా వీధి చివరి షట్టర్

వానంటే ఇష్టమని చెప్పేవాళ్ళని పట్టుకొచ్చి, భీమవరం దిగువన మా వీధిలో ఒక్క తుఫాను పూట కూర్చోబెట్టాలని నాకు భలే కోరిక. మా వీధి పల్లం. పడిన నీళ్ళన్నీ వీధి చివర గట్టు కింద పైపులోంచి అవతలి మురుగు డ్రెయిన్లోకి పోవాలి. డ్రెయిన్ తక్కువగా ఉన్నప్పుడు పోతాయి కూడా. సముద్రం పోటు మీదుండి డ్రెయిన్ నిండిందా, అదే పైపులోంచి ఆ మురుగంతా మా ఇళ్ళలోకి తిరిగొస్తుంది. వట్టి నీళ్ళయితే సరే, వాటితోపాటు గుర్రపుడెక్క, నీటిపాములు, ఎవరివో చెప్పులు.

కిందటేడు మాత్రం నాకు వేళాకోళం రాలేదు, భయం ఒక్కటే. మా అత్తయ్య సుబ్బాయమ్మగారికి తుంటి విరిగి ఆపరేషనైంది. మంచం మీంచి ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లోకి నీళ్ళొస్తే ఎత్తక తప్పదు. మా ఆయన ఉద్యోగం పని మీద రాజమండ్రిలో ఉన్నారు.

వేసవిలో మునిసిపాలిటీవాళ్ళు ఆ పైపుకి డ్రెయిన్ వైపు ఇనప షట్టర్ ఒకటి బిగించారు. పైన మడతబందులకి తలుపులా వేలాడుతుంది. వీధి నీళ్ళు తోస్తే తెరుచుకుంటుంది, డ్రెయిన్ నీళ్ళు తోస్తే మూసుకుంటుంది. తిప్పే చక్రం లేదు, కాపలా మనిషి లేడు. చెత్త అడ్డం పడితే తలుపు పైకి లాగడానికి ఒక గొలుసు మాత్రం గట్టు మీదికి వేశారు.

ఎదురింటి త్రినాథరాజుగారికి అది మొదట్నుంచీ గిట్టలేదు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. తూముకి చెక్కలు వేయాలన్నా తీయాలన్నా ఆయన పక్కన నిలబడి చెప్పాల్సిందే. ఎవరూ తీయకుండా తనంతట తాను తెరుచుకునే తూమంటే ఆయనకి ఒళ్ళుమంట.

అమావాస్య పోటు రోజునే వాయుగుండం పట్టుకుంది. మధ్యాహ్నానికి వీధిలో వాననీళ్ళు మా కింది మెట్టు దాటాయి. రాజుగారు గొడుగేసుకుని, చెరువు దగ్గర పనిచేసే ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"షట్టర్ మూసుకుపోయి కూర్చుందమ్మాయ్. నీళ్ళెలా పోతాయి? గొలుసు లాగించేస్తాను."

"వద్దండి బాబాయిగారూ! అవతల డ్రెయిన్ ఎత్తుగా ఉందేమోనండి. ఏటా ఈపాటికి వీధంతా గుర్రపుడెక్క ఉండేది కదండీ. ఇప్పుడు ఒక్క ఆకైనా కనపడుతోందా?"

"తూము తీస్తేనే నీళ్ళు పోయేది. చెరువులు చేసేది నేనా, నువ్వా?"

"మీ చెరువు పక్కన మా అత్తయ్యగారు మంచంలో లేరు కదండీ!" అన్నాను. కోపంలో నోరు జారాను. ఆయన మొహం గంటు పెట్టుకుని గట్టెక్కారు.

మా ఇల్లు గట్టు పక్కనే. ముగ్గురూ గొలుసు పట్టుకుని లాగడం గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారిగా ఇవతల పైపు మూతి దగ్గర నీళ్ళు ఉడుకుతున్నట్టు పైకి లేచాయి. నల్లటి నీళ్ళు, వాటితో గుర్రపుడెక్క! ఆ అల వచ్చి మా రెండో మెట్టుని కొట్టింది.

"వదిలేయండి బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను!" అని అరిచాను.

ఆయనా చూశారు. "వదలండ్రా! వదిలేయండి!" అంటూ తనే ముందు వదిలేశారు. అడుగున తలుపు గుభేలుమని మూసుకుంది. పైపు దగ్గర ఉడుకు ఆగిపోయింది.

రాజుగారు కాసేపు డ్రెయిన్ వంకే చూసి, మెల్లగా దిగొచ్చారు. "అవతల నీళ్ళు మోకాలెత్తు ఎక్కువున్నాయమ్మా. డెక్క కప్పేసి తెలియలేదు" అన్నారు.

ఆపైన ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళలేదు. మా అరుగు మీదే కూర్చుని గొలుసుకి కాపలా కాశారు. షట్టర్ ఎత్తేస్తానని గునపం పట్టుకొచ్చిన పక్కింటి చిట్టియ్యని, తనేదో ఆ షట్టర్ని కనిపెట్టినట్టు, కసిరి పంపేశారు. నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ కొంచెం కుదుటపడింది.

సాయంత్రానికి వాన తగ్గింది, పోటు తీసింది. ఎవరూ గొలుసు ముట్టుకోలేదు. పైపు గుటకలు వేస్తున్న చప్పుడు వినపడింది. ఇందాక వచ్చిన గుర్రపుడెక్క మెల్లగా పైపు వైపు కదిలింది.

"పోతున్నాయమ్మాయ్! పోతున్నాయి!" రాజుగారు లేచి గంతేసినంత పని చేశారు. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశాను. అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. అత్తయ్య గుమ్మం వైపే చూస్తున్నారు.

"నిజంగా పోతున్నాయా అమ్మా?"

"పోతున్నాయండి అత్తయ్యా. ఇంక భయం లేదు."

"అయితే కాసిని మంచినీళ్ళియ్యి."

చెంబుడూ గటగటా తాగేశారు.

"ఇంత దాహంగా ఉంటే అడగలేదేంటండి?"

ఆవిడ గోడ వైపు తల తిప్పుకున్నారు. "వీధిలో మగాళ్ళంతా వచ్చి నన్నెత్తుతారేమోనని. వాళ్ళ చేతుల్లో చీర తడిపేసుకుంటే ఏ మొహం పెట్టుకుని బతకను? అందుకే పొద్దుట్నుంచీ చుక్క ముట్టలేదు."

ఇంకో చెంబు తెచ్చి, ఆవిడ తల కింద చెయ్యి వేసి, మెల్లగా తాగించాను.