థర్మకోల్ సముద్రం

సముద్రం అతకడం లేదు. నీలం రంగు పూసిన థర్మకోల్‌కు జిగురు పట్టడం లేదని అనసూర్య టీచరు చెబితే, గుండుసూదులు గుచ్చమన్నాడు విశ్వేశ్వరరావు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడు. గోదావరిఖనిలో ఒక ఏసీ ఫంక్షన్ హాలులో సర్కారు బడుల టీచర్లకు వాతావరణ న్యాయం మీద పిల్లలతో ప్రాజెక్టులు ఎలా చేయించాలో నేర్పుతున్నాడు. బయట మే నెల ఎండ. లోపల చలికి కొందరు చెంగులు కప్పుకున్నారు.

పొద్దున బోర్డు మీద ఒక వాక్యం రాశాడు: 'వేడిని పెంచనివాళ్లే వేడికి ముందు బలవుతారు.' దాన్ని అందరి చేతా చదివించి, ఉదాహరణకు మాల్దీవులు చూపించాడు. అందుకని అన్ని బల్లల మీదా థర్మకోల్ మాల్దీవులే మునుగుతున్నాయి.

చాయలు వచ్చాయి. అప్పుడే రెండో షిఫ్టు సైరన్ మోగింది. పట్నంలో ఆ సైరన్ డ్యూటీకి పోయేవాళ్లకే. అనసూర్య కప్పు బల్ల మీద పెట్టి, దాని మీద అట్టముక్క కప్పి, తలుపు తోసుకొని బయటికి నడిచింది. ఎండలోకి వచ్చాక గాని తానెక్కడ ఉందో గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి హాలంతా నవ్వు.

"ఏంది చెల్లె, డ్యూటీ ఎక్కుతున్నవా?" అన్నాడు లింగమూర్తి. ఆయన టీచర్ల సంఘం నాయకుడు. నిరుడు సమ్మెలో లారీ ఎక్కి 'మా బొగ్గు మాకే గావాలె' అని గొంతు చించుకున్నాడు. పక్క బల్ల దగ్గర శోభ కూడా నవ్వింది. అనసూర్య బడిలాగే ఆమెదీ నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనికి ఆనుకున్న ఊరి బడే. ఇందాక సైరన్ వినగానే ఆమె చెయ్యి సాసరు మీదికి పోయి వెనక్కి రావడం అనసూర్య చూసింది.

విశ్వేశ్వరరావు మాత్రం నవ్వలేదు. "ఎందుకు వెళ్లారండీ?" అన్నాడు.

"మాది కమాన్‌పూర్ దిక్కు సార్. మా కాడ సైరన్ మోగిందంటే గనిల బాంబులు పేలుస్తరు. పిల్లలు పల్లెం మీద మూతపెట్టి బయటికి ఉరుకుతరు. దుమ్ము దిగేదాక ఎండల్నే నిలవడుతరు. లోపట ఉంటే కప్పు రేకులు మీద పడ్తయ్. మార్చిల మా దీప నెత్తి పలిగింది. ఏడో తరగతి పిల్ల. కుట్లు పడ్డయ్."

సంచిలోంచి చార్టు తీసింది. తలకు కట్టుతోనే దీప గీసింది. ఎండలో వరుసగా పిల్లలు, ఒక్కొక్కరి చేతిలో మూత పెట్టిన పళ్లెం. కింద రాత: 'మా ఊరి కింద బొగ్గుతో కరెంటు వస్తుంది. మధ్యాహ్నం మా బడిలో కరెంటు ఉండదు. ఎండలో నిలబడేది మేము.'

"బడి తెరిచినంక జిల్లా ఎగ్జిబిషన్‌కు తీస్కపోత అని పిల్లలకు మాటిచ్చిన సార్."

"అద్భుతమండీ! నేను పొద్దుట్నించీ చెబుతున్నది ఇదే కదా!" విశ్వేశ్వరరావు కెమెరా తీసి ఫొటో తీశాడు. "రేపు ముగింపు సభలో ముందు పెట్టేద్దాం."

లింగమూర్తి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. చెప్పింది అందరికీ తెలిసిందే. ఆ గనిలో మట్టి పేల్చే కాంట్రాక్టరు జగదీశ్వర్. శిక్షణకు సంచులు, బిర్యానీ, హాలు ఆయనవే. రేపు ముఖ్య అతిథీ ఆయనే. విశ్వేశ్వరరావు కెమెరాకు మూత పెట్టాడు.

"న్యాయమనేది మొదట దూరంగా ఉన్నచోటు గురించి నేర్పాలండీ. పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది," అన్నాడు.

సాయంత్రం బస్టాండు దాకా లింగమూర్తి వెంట వచ్చాడు. "మాల్దీవులు పెట్టు చెల్లె. ఫస్టు ప్రైజు మీ బడికే, మాట్లాడిన. రేకులు గూడ జగదీశ్వర్ కొత్తయి ఏపిస్తడట."

"కొత్త రేకులు పలగయా అన్నా?"

"గిట్లనే అంటే ఉన్నయి గూడ ఉండయ్."

బస్సులో ఆమె దానిమీదే ఆలోచించింది. రేకులు కావాలి. అబద్ధం కాదు. రేకుల కోసం చార్టు దాచానని దీపకు ఎలా చెప్పాలో ఊరు వచ్చేదాకా తోచలేదు.

మర్నాడు ముగింపు సభ ముందు చార్టు తెచ్చి తన బల్ల మీద నిలబెట్టింది. లింగమూర్తి వచ్చి దానికి అడ్డంగా థర్మకోల్ సముద్రం పెట్టాడు. ఆమె దాన్ని తీసి నేల మీద పెట్టింది. ఆయన మళ్లీ పెట్టాడు.

"ఎన్నిసార్లన్న పెట్టన్నా. తీస్తనే ఉంట," అని మళ్లీ తీసింది.

మూడోసారి పెట్టడానికి వీలు లేకపోయింది. జగదీశ్వర్ వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో చాయ కప్పు. బల్లలు చూసుకుంటూ నడిచాడు.

"అన్ని మునుగుతున్నయా?"

"అన్నీ మునుగుతున్నాయండీ," అన్నాడు విశ్వేశ్వరరావు సంతోషంగా.

జగదీశ్వర్ అనసూర్య బల్ల ముందు ఆగాడు. చార్టు చదివాడు. మళ్లీ చదివాడు. "ఇది ఏ దేశమమ్మా?"

"కమాన్‌పూర్ మండలం సార్."

లింగమూర్తి బూటు కింద థర్మకోల్ కిర్రుమంది. అంతలో షిఫ్టు సైరన్ మోగింది.

"చాయ మీద మూత పెట్టుకోండ్రి సార్. బయటికి నడువుండ్రి," అంది అనసూర్య.

జగదీశ్వర్ నవ్వాడు. "ఈడ ఏం పేలదు గదమ్మా."

"ఎరికె సార్."

చార్టును అక్కడే వదిలి ఆమె బయటికి నడిచింది. ఎండలో, పిల్లలు నిలబడినట్టే నిలబడింది. అద్దాల తలుపు అవతల అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. జగదీశ్వర్ చేతిలో కప్పు అలాగే ఉంది. వెనక వరుసలో శోభ తన కప్పు మీద సాసరు బోర్లించింది. ఇంకా లేవలేదు.