మామిడి కొత్త కాకముందు

పొగడ్తలతో మనిషి ప్రాణం తోడెయ్యొచ్చని ఫల్గుణ మాస్టారికి ఆ వారంలోనే తెలిసొచ్చింది.

చింతపల్లి దగ్గర ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే ఫల్గుణ, మూడేళ్ల కిందట పోయిన చెల్లెలు మాధవి మీద కథ రాశాడు. పురిటి నొప్పులతో డోలీలో రోడ్డు దాకా మోసుకెళ్తుంటే దారిలోనే కన్ను మూసిన పిల్ల. అతని మొదటి పుస్తకంలో అదే మొదటి కథ. అందులో ఎక్కడో అబద్ధం ఉంది. చదివిన ప్రతిసారీ ఆ సంగతి తెలుస్తోంది గానీ, ఎక్కడుందో చిక్కడం లేదు. ఆరుసార్లు తిరగరాశాడు. ఆరుసార్లూ మాధవి ఎవరో పరాయి పిల్లలాగే ఉంది. సోమవారం పుస్తకం ప్రెస్సుకి వెళ్లిపోతుంది.

"తప్పేదో చెప్పండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను" అని హెడ్మాస్టర్ ఆదినారాయణని బతిమాలాడు. ఆయన కళ్లు తుడుచుకుని, "బంగారంలాంటి కథయ్యా" అన్నాడు. విశాఖపట్నంలో పుస్తకం వేస్తున్న రమ్య ఫోన్లో, "అడవి బిడ్డ గుండెలోంచి వచ్చిన కథండీ, అక్షరం ముట్టుకోకండి" అంది. అడవి బిడ్డట! పన్నెండేళ్లుగా పదో తరగతికి ఛందస్సు చెబుతున్నవాణ్ని పట్టుకుని! వీళ్లకి తన మీద జాలే గానీ, తన కథ మీద పట్టింపు లేదని అతనికి ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్నే కాగితాలు పట్టుకుని కాఫీ తోటకి వెళ్లాడు. మాధవి మొగుడు గాసి అక్కడ మిరియాల తీగలు కడుతున్నాడు. అతనికి చదువు రాదు. నిజానికి ముందుగా అతని దగ్గరికే రావాల్సింది. ఇన్నాళ్లూ ధైర్యం చాల్లేదు.

"గాసీ, మాధవి కథ. విను. బాగోలేకపోతే తిట్టు" అన్నాడు.

గాసి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. ఫల్గుణ చదివాడు. డోలీలో మాధవి మామిడికాయ అడగడం, గాసి కొండంతా వెతకడం, ఎక్కడా కాయ దొరక్కపోవడం, ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని నవ్వుతూ కన్ను మూయడం. ఆ చోటికొచ్చేసరికి ఇంతకుముందు విన్నవాళ్లంతా ఏడ్చారు. గాసి ఏడవలేదు.

"కాయలు నేకపోడవేటి బావా? ఆ యేడు దారి పొడుగునా సేతికందేలా కాసింది."

"అంటే... చదివేవాళ్లకి..."

"మామిడి కొత్త పండగ అవనేదు. దేవతకి పెట్టకుండా కొత్త కాయి నోట్లో ఎట్టుకోకూడదు కదా. కొత్త అవనేదే, తప్పే అన్నాను. మళ్లీ అడిగింది. తిట్టాను. నన్నెందుకు మంచోణ్ని సేసేసినావు? నాను సేసింది నాకు తెల్దా?"

"నీకు బాధ కలుగుతుందని మార్చాను గాసీ. దాన్ని అబద్ధం అనుకోలేదు."

"నా కోసం కాదు." గాసి అతని మొహంలోకి చూశాడు. "డోలీ ముందు కర్ర నీ బుజం మీదే ఉంది. నాను దేవతకి బయపడినాను. నీకా బయం నేదు. కొత్త అవకముందే నువ్వు సంతలో కొనుక్కుని తింతావు, నాను సూసినాను. మరి నువ్వెందుకియ్యనేదు?"

ఫల్గుణ కాగితాలు ఒళ్లోకి దించాడు. "తోటి మోసేవాళ్లు ఏమంటారోనని" అన్నాడు.

"అదీ రాయనేదు నువ్వు."

అక్కడే, ఆ తోటలోనే, రమ్యకి ఫోన్ చేసి పుస్తకం ఆపమన్నాడు. ఆమె అయ్యో అంటుండగానే పెట్టేశాడు. ఒళ్లో కాగితాలు తిరగేసి వెనక వైపు ఒక వాక్యం రాసి, పైకి చదివాడు. "మాధవి మామిడికాయ అడిగింది, నేను విన్నాను."

"ఇనడం కాదు" అన్నాడు గాసి. "మూడోసారి నన్నడగనేదు. అన్నా అని నిన్నే పిలిసి అడిగింది. అది రాయి."

ఫల్గుణ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గాసి ఓదార్చలేదు. కింద పడ్డ పెన్ను తీసి అతని చేతిలో పెట్టాడు.

"రాయి బావా."