అన్న ముఖం

కారు ఒకటే, అన్నదమ్ములు ఇద్దరు. పగలంతా అన్న తోలేవాడు, సాయంత్రం నుంచి తమ్ముడు తోలేవాడు. ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అనే పిలుపులే తప్ప అసలు పేర్లు ఎవరి నోటికీ వచ్చేవి కావు. ఇద్దరి మధ్యా ఏ పేచీ లేకుండా ఏళ్ళు గడిచాయి. చిక్కంతా టాక్సీలు ఫోన్లోకి ఎక్కిన తర్వాత వచ్చింది.

అంతకుముందు స్టాండులో కారు పెట్టుకుని కూర్చుంటే బేరం తనే నడిచి వచ్చేది. మనిషిని చూసి ధర చెప్పడం, ధర విని ఆ మనిషి మొహం చిట్లించడం, చివరికి చెరికాస్త దిగి వచ్చి కారెక్కడం. ఆ తతంగమంతా పోయింది. ఇప్పుడు ఫోను మోగుతుంది, నొక్కితే దారి చూపిస్తుంది. లోపలి నుంచి ఒకావిడ కుడికి తిరగమంటుంది, ఎడమకి తిరగమంటుంది. పెద్దోడికి ఆవిడంటే బొత్తిగా పడేది కాదు. "అన్ని దారులూ ఈవిడకే తెలిస్తే నన్నెందుకు కూర్చోబెట్టినట్టో! తనే తోలుకుపోవచ్చుగా" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఆవిడ చెప్పిన చోటల్లా తిరిగేవాడు.

కంపెనీ పద్ధతి ప్రకారం ఒక ఖాతాకి ఒకే డ్రైవరు. పెద్దోడు తన ఫొటో పెట్టి ఖాతా తెరిచాడు. తమ్ముడికి వేరే ఖాతా సంగతి వచ్చినప్పుడు, "మనిద్దరం ఒకటే కదరా, మళ్ళీ ఇదెందుకు" అని కొట్టిపారేశాడు. ఇద్దరిదీ అమ్మ పోలిక. అదే ముక్కు, అవే కళ్ళు. సాయంత్రం అన్న దిగి ఫోను చేతిలో పెట్టేవాడు, తమ్ముడు ఎక్కేవాడు. కొన్నాళ్ళకి కంపెనీకి ఏం అనుమానం పుట్టిందో, బండి తీసే ముందల్లా ముఖం చూపించమనడం మొదలుపెట్టింది. ఫోన్లో గుండ్రటి గీత వస్తుంది. అందులో ముఖం పెట్టి తల అటూ ఇటూ తిప్పాలి. చిన్నోడిది నున్నటి ముఖం. ఫోను ఒప్పుకోలేదు. వాడు మీసం పెంచి, అన్న పాత కళ్ళజోడు పెట్టుకుని చూపించాడు. మారు మాట లేకుండా ఒప్పుకుంది. ఆ రోజు ఇంట్లో ముగ్గురూ కడుపుబ్బ నవ్వుకున్నారు. "ఇక ఎవరికి వడ్డిస్తున్నానో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి" అంది వదిన.

ఎవరి కడుపూ కొట్టడం లేదు కదా అని వాళ్ళ ధైర్యం. తప్పు తప్పే. కాని లోకంలో జరిగే తప్పుల ముందు ఇది ఏపాటిది, మీరే చెప్పండి.

తర్వాత పెద్దోడు పోయాడు. మధ్యాహ్నం పూట, ఒకరిని దింపి ఇంకొకరు పిలిచే లోపల, రోడ్డు పక్కన కారు ఆపుకుని, స్టీరింగు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ ఖాతాలోంచే, భర్త ఎక్కడున్నాడో చూపించే చుక్క ఒకటి వదిన ఫోన్లో ఉండేది. చుక్కంటే చుక్క కాదు, ఆయన ఫొటోయే, గోరంత, వీధుల బొమ్మ మీద కదులుతూ ఉండేది. ఆ మధ్యాహ్నం అది ఒకేచోట ఆగి ఉంది. వదిన చూసింది. "కునుకు తీస్తున్నట్టున్నారు, లేపడం ఎందుకు" అనుకుని ఫోను పక్కన పెట్టి బట్టలు మడత పెట్టుకుంది. ఆ మాట ఆవిడ చిన్నోడికి ఒక్కసారే చెప్పింది. ఆపైన ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇల్లు గడవాలంటే కారు కదలాలి, కారు కదలాలంటే ఖాతా ఉండాలి. మనిషి పోయాడని చెబితే ఖాతా మూసేస్తారు. కాస్త కుదుటపడ్డాక చెబుదాంలే అనుకున్నాడు చిన్నోడు. అలా అనుకున్న పని ఎవరికైనా ఎప్పుడైనా కుదుటపడిందా! పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని ఫోను ముందు తల తిప్పేవాడు. ఫోను అన్న పేరు పెట్టి పలకరించేది. వీడు బండి తీసేవాడు.

మొదట్లో ఎక్కినవాళ్ళు ఆ పేరుతో పిలిస్తే ఉలిక్కిపడేవాడు. పోనుపోను అలవాటైపోయింది. తల కాస్త ఎడమకి వాల్చి చూపిస్తే ఫోను ఒక్కసారికే ఒప్పుకుంటుందని కనిపెట్టాడు. పెద్దోడు నిలబడే తీరే అంత, ఎప్పుడూ తల ఎడమకి వాల్చి ఉండేవాడు. ఫోను కోసం వాల్చిన తల, ఫోను పక్కన పెట్టాక కూడా అలాగే ఉండిపోయేది. అన్న కళ్ళజోడుతో మొదట్లో తల పగిలిపోయేది. కొన్ని నెలలకి అది తీస్తేనే అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది.

ఒకరోజు రిటైరైన టీచరమ్మ ఒకావిడ కారెక్కింది. కూర్చుంటూనే అద్దంలోకి చూసి నవ్వింది.

"ఏం బాబూ, చాన్నాళ్ళకి దొరికావు. ఒంట్లో ఎలా ఉంది? ఛాతీలో మంటగా ఉంటోందన్నావు కదా."

అన్న ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి వెనక్కి తిరగకుండా చెప్పుకున్నాడన్నమాట.

"తగ్గిందండీ" అన్నాడు చిన్నోడు.

"ఇంట్లో చెప్పావా మరి? చెబితే కంగారు పడతారని దాస్తున్నానన్నావు."

"చెప్పానండీ."

"మంచి పని చేశావు. ఇలాంటివి దాచకూడదు" అని ఆవిడ హాయిగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆవిడ దిగాక చిన్నోడు కారు పక్కకి తీసి ఆపేశాడు. వాడికి భయమేసింది. అబద్ధం చెప్పినందుకు కాదు. తగ్గిందండీ అన్న ఆ మాట అన్న ఎలా సాగదీసి అనేవాడో అచ్చం అలాగే తన నోట్లోంచి వచ్చింది. తను వెతుక్కోకుండానే వచ్చింది. అద్దంలోకి చూడబోయి మానుకున్నాడు. అంతలో అన్న ఫోను మోగింది. వదిన.

"ఏం లేదు" అంది. "ఆగిపోయి ఉంటేనూ..." మిగతా మాట మింగేసి పెట్టేసింది.

ఆవిడ ఇంకా ఆ చుక్కని చూస్తోందని వాడికి అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం భోజనానికి చప్పుడు చేయకుండా ఇంటికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల వదిన కూర కలుపుతూ ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఎండ మండిపోతోంది, నీళ్ళు తాగారా లేదా? మలుపులో ఉన్నారుగా, వచ్చేయండి మరి. వడ్డించేస్తున్నా."

గట్టు మీద గోడకి ఆనించిన ఫోను తప్ప అక్కడ ఎవరూ లేరు. తెరమీద గోరంత పెద్దోడు తమ వీధిలో, తమ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. కంచం అప్పటికే పెట్టి ఉంది. వదిన వెనక్కి తిరిగి చిన్నోడిని చూసి, "వచ్చారా" అంది. ఆ వెంటనే చేత్తో నోరు మూసుకుంది. చిన్నోడు ఏమీ విననట్టు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కూరలో ఉప్పు లేదు. రక్తపోటు అని ఉప్పు మానేసినవాడు అన్న. వాడు ముద్ద తర్వాత ముద్ద మింగాడు, ఏడుపూ దాంతోపాటే మింగాడు. ఇలా సాగితే ఆవిడకి మొగుడు ఎప్పటికీ పోడు, తను ఎప్పటికీ తిరిగి రాడు అనిపించింది.

అక్కడే కూర్చుని తన పేరుతో కొత్త ఖాతాకి ఫోన్లో దరఖాస్తు పెట్టాడు. ఈ ముఖానికి ఖాతా ఉంది, కార్యాలయానికి రమ్మని జవాబు వచ్చింది. మర్నాడే వెళ్ళాడు.

గాజు బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తెర చూసి ఆశ్చర్యపోయింది.

"మీకు ఖాతా ఉంది కదా సార్. మంచి పేరు కూడా ఉంది. మళ్ళీ కొత్తదెందుకు?"

"అది నాది కాదమ్మా, మా అన్నది."

"అయితే ఆయన్ని ఒకసారి తీసుకురండి. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే తేలిపోతుంది. లేదంటే ఇది మీదేనని ఒక్క మాట అనండి, కొత్త దరఖాస్తు కొట్టేస్తాను. ఇప్పుడే బండి తీసుకోవచ్చు."

ఎంత సులువు! ఒక్క మాట అంటే కారు కదులుతుంది, ఇల్లు గడుస్తుంది, వదిన వంటింట్లో చుక్క నడుస్తుంది. చిన్నోడి నోటిదాకా వచ్చింది కూడా.

"మా అన్న చనిపోయాడమ్మా" అన్నాడు.

అన్న పోయినప్పటి నుంచి ఆ మాట పైకి అనడం అదే మొదలు. అనేశాక బల్ల పట్టుకున్నాడు.

ఆ అమ్మాయి తెర వంక చూసింది. "కాని సార్, నిన్న కూడా తోలారు ఈయన."

"తోలింది నేను."

ఆమె తిట్టలేదు, పైవాళ్ళని పిలవలేదు. "ఆ ఖాతా తీసేస్తున్నాను మరి" అంది. చిన్నోడు తలూపాడు. ఒక మీట నొక్కిన చప్పుడైంది, అంతే. ఆ తర్వాత వాడిని కెమెరా ముందు నిలబెట్టి కొత్త దరఖాస్తు మొదలుపెట్టింది. యంత్రం కాసేపు ఆలోచించింది. అమ్మాయి మొహంలో రంగు మారింది. తెర తిప్పబోయింది గాని చిన్నోడు అప్పటికే చదివేశాడు. ఈ ముఖం మరణించిన వ్యక్తిది, దరఖాస్తు చెల్లదు అని ఉంది.

"మీరేం అనుకోకండి సార్, దానికేం తెలుసు" అంది గబగబా. "మీసం తీసేసి, కళ్ళజోడు లేకుండా రండి. మళ్ళీ చూద్దాం."

రోడ్డు దాటితే సెలూను. చిన్నోడు కుర్చీలో కూలబడి కళ్ళజోడు తీసి అలమరలో పెట్టాడు. సెలూను ఆయన ముఖానికి సబ్బు నురగ పూసి కత్తి తీశాడు. ఎదురుగా అద్దం మసకమసకగా ఉంది. అందులో ఉన్నది ఎవరో తేల్చుకోవడానికి వాడికి ధైర్యం చాలలేదు. అప్పుడు అన్న ఫోను మోగింది.

"చిన్నా, చుక్క పోయింది" అంది వదిన.

"నేనే తీయించేశాను వదినా. అన్న లేడని చెప్పేశాను."



"ముందు నాకు చెప్పాల్సింది" అంది వదిన. ఆ గొంతులో కోపం లేదు. "అప్పుడేమో నిద్రపోతున్నారని ఫోను పక్కన పెట్టేశాను. ఇప్పుడేమో స్నానానికి వెళ్ళాను. రెండుసార్లూ నేను చూడకుండానే వెళ్ళిపోయారు."

చిన్నోడి కళ్ళ నీళ్ళు నురగలోకి జారుతున్నాయి.

"ఎక్కడున్నావు?"

"సెలూన్లో."

"మీసం తీసేశావా?"

"ఇంకా లేదు."

"అయితే తీయకు. అలాగే ఇంటికి రా. కాసేపు నా ఎదురుగా కూర్చో, ఏం మాట్లాడొద్దు. కళ్ళారా చూసి పంపించేస్తాను. ఆ తర్వాత తీసేసుకుందువు గాని."

"ఏం సార్, కానిమ్మంటారా?" అన్నాడు సెలూను ఆయన, కత్తి గాల్లో ఆపి.

చిన్నోడు మెడలో తువాలుతో నురగంతా జాగ్రత్తగా తుడుచుకున్నాడు. మీసం తడి ఆరేలా అద్దుకుని, అలమరలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని లేచాడు.