వదిన పట్టేసిన పెట్రోలు ఆవిరి

మా నాన్న గడ్డి కోసే మిషన్లు అద్దెకిచ్చేవాడు. పన్నెండు మిషన్లూ షాపు వెనక ఇరుకు గదిలో ఉండేవి. వాటి రిపేర్లన్నీ మా వదినవే.

ఎండలు ముదిరేసరికి ఆ గదిలో పెట్రోలు కంపు భరించలేనంత అయింది. మధ్యాహ్నానికల్లా వదినకి తలపోటు. చూస్తే ఎక్కడా చుక్క కారడం లేదు.

"పెట్రోలన్నాక వాసన రాదా అమ్మాయ్?" అని నాన్న కొట్టిపారేశాడు.

వదిన ఊరుకునే రకం కాదు. ఇంట్లో పిండి తూచే ఎలక్ట్రానిక్ త్రాసు తెచ్చింది. ఒక మిషన్ ట్యాంకుని పైపుతో సహా ఊడదీసి, పైపు చివర మూసి బిగించి, పెట్రోలు నింపి తూచింది. మర్నాడు అదే వేళకి నాలుగు గ్రాములు తక్కువ. ఈపాటిదానికే ఇంత హడావుడా అని నవ్వాను.

"పన్నెండు మిషన్లకి ఎంతవుతుంది? తలుపు మూసిన గదిలో రోజూ అంత ఆవిరి. ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే?" అంది. నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

మొదట, ఆవిరి పోయేది అక్కడి నుంచేనని ట్యాంకు మూతకున్న సన్నటి రంధ్రాన్ని మూసేసింది. మిషన్ పది నిమిషాలు నడిచి ఠక్కున ఆగిపోయింది. పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి కదా!

"దానికి ఊపిరాడకుండా చేశావు, పాపం" అన్నాడు నాన్న. వదిన కూడా నవ్వేసింది. కానీ అన్నం ముందు కూర్చున్నా ఆ ధ్యాసే.

మూడో రోజు నన్ను వెంటేసుకుని పాత సామాన్ల దుకాణానికెళ్లి, తుక్కు స్కూటర్ నుంచి ఓ నల్లడబ్బా విప్పించింది. లోపలంతా బొగ్గు పలుకులు. మూత రంధ్రం నుంచి డబ్బాకి ఒక గొట్టం, డబ్బా నుంచి ఇంజను గాలి పీల్చే చోటికి మరొకటి వేసింది. మిషన్ ఊరకే ఉన్నప్పుడు ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుంది. స్టార్ట్ చేస్తే ఇంజనే దాన్ని లాక్కుని కాల్చేస్తుంది. పాత రబ్బరు పైపు గోడల్లోంచీ పెట్రోలు చెమటలా బయటికొస్తోందని దాన్నీ మార్చేసింది.

ఈసారి డబ్బాతో సహా తూస్తే, రోజు గడిచాక ఒక్క గ్రామే తగ్గింది.

నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మరీ ఆ అంకె చూశాడు. "నలభయ్యేళ్లుగా ఈ వాసన పీలుస్తున్నాను. ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కనాడూ ఆలోచించలేదమ్మా."

"ఇంకా ఒక గ్రాము మిగిలే ఉంది మామయ్యా. అది ట్యాంకు ప్లాస్టిక్‌లోంచే పోతోంది" అంది వదిన, అదో పెద్ద వెలితైనట్టు.

నెల తిరక్కుండానే అన్ని మిషన్లకీ డబ్బాలు పడ్డాయి. పక్క వీధి జనరేటర్ల మెకానిక్ వచ్చి, ఒక పూటంతా కూర్చుని పని నేర్చుకున్నాడు. వెళ్తూ "గురువుగారూ" అని దణ్ణం పెట్టాడు. వదినకి సిగ్గు ముంచుకొచ్చి, చేతిలో స్పానర్ ఉందని కూడా చూసుకోకుండా తిరిగి దణ్ణం పెట్టేసింది.