కుజుడి బండి తలుపు

వారం రోజులుగా మీరావలి చేతులు ఆయన మాట వినడం లేదు. మార్కాపురం బజారులో రేకుపనికి ఆయన్ని మించినవాడు లేడని పేరు. అలాంటి మనిషి సోమవారం నాడు కిరసనాయిలు గరాటుకు అడుగు మూసి అతికేశాడు. మంగళవారం బొక్కెనకు పిడి లోపలివైపు పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కాసేపు కూర్చుంటాడు, లేస్తాడు, కాలుగాలిన పిల్లిలా దుకాణం ముందు తిరుగుతాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. కారణం ఊరందరికీ తెలుసు. కాకపోతే వాళ్ళకు తెలిసింది సగమే.

ఏడేళ్ళ కిందట తాలూకా కచేరీ గుమాస్తా బ్రహ్మం ఒక నాటకం రాశాడు. రెండువేల సంవత్సరంలో మార్కాపురం వాడొకడు కుజగ్రహానికి ఎగిరిపోయి, అక్కడి కాలువల నీళ్ళు మన మెట్టచేలకు మళ్ళించుకొస్తాడట! నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట పిలిచి మరీ ఆడించుకున్నాయి. ఏ వేషం ఎవరు కట్టారో ఇవాళ అడిగితే చెప్పేవాళ్ళు లేరు. కుజగ్రహానికి ఎగిరిన ఆ బండి మాత్రం అందరికీ గుర్తే. మీరావలి కిరసనాయిలు డబ్బాలు కోసి చేశాడు దాన్ని. ఆరడుగుల ఎత్తు, కోసుగా ముక్కు, లోపల పలకరాతి మీద చెక్కిన అంకెల చక్రం, పక్కన తలుపు, ఒళ్ళంతా వెండిరంగు. ఆ తలుపు తెరుచుకుంటుంటే జనం లేచి నిలబడేవారు.

ఇప్పుడు టాకీ గుడారాలొచ్చాయి, నాటక సమాజం మూతపడింది. బండి పలకల కార్ఖానా గోదాములో దుమ్ము తింటోంది. దాన్ని పదిమందికీ కనబడేచోట పెట్టాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ అన్నదగ్గరే ఊరు రెండుగా చీలింది. కార్ఖానా యజమాని చెన్నకేశవులు తన గేటు ముందు పెట్టాలన్నాడు. మిషన్ బడి పంతులు గిద్యోను బడి వరండాలో పెట్టాలన్నాడు. పఠనాలయంలో మీటింగు పెడితే కుర్చీలు లేచే దాకా వచ్చింది. చివరికి బ్రహ్మమే బల్ల గుద్ది తేల్చాడు.

"చేసినోడు మీరావలి. ఆయప్ప ఏడ పెట్టమంటే ఆడ పెడదాం. శుక్రవారం దాకా టైమిద్దాం."

ఇక ఆయనకు ఊపిరి ఆడనిస్తే ఒట్టు. పొద్దున చెన్నకేశవులు వచ్చి, "గేటు కాడ సిమెంటు దిమ్మె కట్టిస్తా సాయిబూ, నీ పేరు పలక మీద చెక్కిస్తా" అంటాడు. మీరావలి తలూపుతాడు. సాయంత్రం గిద్యోను వచ్చి, "పిల్లోళ్ళు ఎక్కి కూర్చుంటారు మామా, లెక్కలు చెప్పడానికి కూడా పనికొస్తాది" అంటాడు. దానికీ తలూపుతాడు. ఇద్దరూ గెలిచామనుకునే ఇంటికి పోయేవారు.

ఊరికి తెలియని సగం ఆ తలుపులో ఉంది. మొదటి ఆటకు మూడు రోజులుందనగా రేకు అయిపోయింది. బజారంతా వెతికినా దొరకలేదు. భార్య ఖాతూన్‌బీ చెల్లెలి కాన్పుకని కంభం పోయి ఉంది. ఇంట్లో ఆమె ట్రంకు పెట్టె కనబడింది. పుట్టింటివాళ్ళు పెళ్ళికిచ్చిన పెట్టె. కంభంలో జట్కాలకు రంగులేసే ఆమె నాయన ఆ మూత మీద తన చేత్తో రెండు పచ్చ చిలకల్ని వేసి ఇచ్చి, ఆ ఏడే కన్నుమూశాడు. మీరావలి మూత ఊడదీశాడు. తలుపుకు కొలిచినట్టు సరిపోయింది. తరవాత పెట్టెకు ఉత్త రేకుతో కొత్త మూత చేసి పెట్టాడు.

ఖాతూన్‌బీ తిరిగొచ్చి ఆ మూత చూసింది. పాతది బండికి తలుపైందని మీరావలి చెప్పాడు. ఆమె బట్టలు అందులో సర్ది పెట్టె మూసింది. తిట్టి ఉంటే, నాలుగు గిన్నెలు విసిరి ఉంటే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. ఏడేళ్ళు ఆమె ఆ ఊసే ఎత్తలేదు. ఆమె గోషా మనిషి, గడప దాటాలంటే జట్కాకు తెర కట్టాలి, ఇక నాటకాలకు పోవడమనే మాటే లేదు. ఊళ్ళో పసిబిడ్డలు కూడా చూసిన బండిని ఆమె ఒక్కసారీ చూడలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతుంటే మీరావలి ఎదురుగా కూలబడ్డాడు.

"ఖాతూన్, బండిని ఏడ పెట్టమంటావు?"

"నన్నడుగుతుండావా?" ఆమె తలెత్తలేదు. "కార్ఖానా కాడ పెడితే నేను చూసేది లేదు. బడి కాడ పెట్టినా చూసేది లేదు. ఇంగ నాకేంది, ఏడన్నా పెట్టుకో." ఒక రాయి ఏరి పక్కన వేసింది. "మా నాయన చిలకలు బాగుండాయా?"

మీరావలి "బాగుండాయి" అనేసి, చెప్పులు కూడా మరిచిపోయి వీధిలోకి వచ్చాడు.

చిలకలెక్కడున్నాయి? కుజుడి బండికి చిలకలేమిటని జనం ఎగతాళి చేస్తారని, మూత మీద రెండు పూతలు వెండిరంగు పూసేశాడాయన. ఆ రోజు రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డ బ్రహ్మానికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. బండి గేటు ముందున్నా, వరండాలో ఉన్నా, ఖాతూన్‌బీకి తెలియకుండానే పోతుంది. అబద్ధం తనతోపాటు గోరీలోకి వస్తుంది. ఇద్దరికీ ఎందుకు తలూపాడో మీరావలికి అప్పుడు అర్థమై, తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం జుమ్మా నమాజు కాగానే పఠనాలయానికి పోయాడు.

"రైలు స్టేషన్లో పెట్టండి. ఆడోళ్ళు కూర్చునే గది ఎదురుంగా."

అందరూ నోళ్ళు తెరిచారు. "ఆ మూల ఎవురు చూస్తారు సాయిబూ?" అన్నాడు చెన్నకేశవులు.

"చూడాల్సినోళ్ళు ఉండారు శెట్టిగారూ."

"మా పిల్లోళ్ళకి ఆశ పెట్టినా కదా మామా!" అని గిద్యోను నొచ్చుకున్నాడు. బ్రహ్మం మీరావలి వంక ఒక నిమిషం చూసి, "మాటిచ్చినాం, అయిపాయ" అని పుస్తకం మూసేశాడు. రైల్లో పోయేవాళ్ళందరికీ కనబడేట్టు పక్కన తన కార్ఖానా బోర్డు పెట్టుకోవచ్చని తోచాక చెన్నకేశవులు కూడా మెత్తబడ్డాడు.

నెల తిరిగేసరికి బండి స్టేషన్ చేరింది. కంభం పోయి ఆమె చెల్లెల్ని చూసొద్దామని మీరావలి ఖాతూన్‌బీని తెర కట్టిన జట్కాలో తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆయన కుదురుగా కూర్చోలేదు. గుంతకల్లు పాసింజరు ఆలస్యమట, ప్లాట్‌ఫారం మీద జనం లేరు. ఖాతూన్‌బీ గదిలోంచి బురఖాతో బయటికొచ్చి బండి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. తలుపు దగ్గర ఆగింది.

"రంగేసినా" అన్నాడు మీరావలి. "నవ్వుతారని ఏసినా. నీకు అబద్ధం చెప్పినా."

ఆమె వేళ్ళతో తలుపంతా తడిమింది. ఒకచోట వేలు ఆగింది. నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి అక్కడ గీకడం మొదలుపెట్టింది. వెండి పొడి రాలింది. గోరంత పచ్చ బయటపడింది.

మీరావలి అటూ ఇటూ చూశాడు. ఊరందరిదీ అయిన బండి, తన చేత్తో చేసిన బండి. జేబులోంచి చిన్న గీకుడు కత్తి తీశాడు.

"తాళంచెవితో గీకితే అడుగు రంగు కూడా పోతాది. ఇది పట్టుకో. ఏటవాలుగా పెట్టి గీకు."

ఆమె అందుకుంది. ఎవరైనా వస్తే కనబడకుండా ఆయన ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. ఒక చిలక ముక్కు, కన్ను, సగం రెక్క తేలేసరికి రైలొస్తోందని గంట కొట్టారు. ఖాతూన్‌బీ చాలాసేపు ఆ కంటివంక చూసింది. తరవాత బురఖా అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"మిగిలింది తిరిగొచ్చేటప్పుడు" అంది.

మీరావలి కత్తి కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. తన సంచిలో వేసుకుని రైలువైపు నడిచింది.